అదనపు అరగంట

మా ఊరి పేరు చెప్పను. నడికుడి జంక్షన్లో రైలు దిగి ఆటో ఎక్కితే ముప్పావుగంటలో వస్తుంది, అంతవరకు చాలు. పేరు చెబితే మా వర్తక సంఘం వాళ్ళు ఊళ్ళో నాకు పొయ్యి పెట్టుకునే చోటు లేకుండా చేస్తారు. నేను వంటవాణ్ణి. కాలేషా అంటే గురజాల నుంచి అచ్చంపేట దాకా పెళ్ళిళ్ళు చేసినవాళ్ళందరికీ తెలుసు. నా చేతి దమ్ బిర్యానీ బాగాలేదన్నవాడు ఇంతవరకు పుట్టలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. జరిగిన పాపమంతా అక్కడే ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

రాజారత్నం మాస్టారు బడిలో మాకు డ్రిల్లు మాస్టారు. ఊరంతా కబడ్డీ, క్రికెట్ అంటుంటే ఈయనొక్కరూ ఫుట్‌బాల్ పట్టుకుని వేలాడారు. ముప్ఫై రెండేళ్ళు నేర్పారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఒక్కడు కూడా జిల్లా జట్టుకు ఎక్కలేదు. ఒకడు రైల్వేలో గ్యాంగ్‌మన్ అయ్యాడు, ఇద్దరు సిమెంటు ఫ్యాక్టరీలో చేరారు, నేను గరిటె పట్టాను. ఎవరైనా ఆ మాట ఎత్తిచూపితే, "ఒక్కడు కూడా జైలుకు పోలేదు గదయ్యా" అనేవారు. పల్నాడులో ఇదేమీ చిన్న రికార్డు కాదు.

రిటైరై ఆరేళ్ళయినా ఆయన రోజూ సాయంత్రం విజిల్ మెళ్ళో వేసుకుని గ్రౌండుకు వస్తారు. పదిమంది పిల్లలు వస్తారు. మిరపకాయల కాలంలో సగం గ్రౌండులో కాయలు ఆరబోస్తారు. మిగతా సగంలో ఆట. బంతి కాయల్లో పడిందంటే దాన్ని తీసుకొచ్చినవాడు ఆ పూటంతా కళ్ళు తుడుచుకుంటూనే ఆడాలి. అయినా ఆడతారు. ఆ గ్రౌండు పోతే ఆ మనిషి సాయంత్రం ఐదింటికి ఎక్కడికి వెళతాడో నాకు ఊహకు కూడా అందదు. భార్య పోయింది, పిల్లల్లేరు, విజిల్ ఉంది.

గ్రౌండు మాత్రం వర్తక సంఘానిది. ఎప్పుడో ఒక షావుకారు ప్రజల ఉపయోగం కోసమని సంఘానికి రాసిచ్చి చనిపోయాడు. ఏ ఉపయోగమో రాయకుండా పోయాడు. ఈమధ్య సంఘం ప్రెసిడెంటు సుందరరావుకు ఆ కాగితం గుర్తొచ్చింది. అక్కడ ఫంక్షన్ హాలు కట్టాలని పట్టుబట్టాడు. సంగతి తెలిసి మాస్టారు నన్ను వెంటబెట్టుకుని ఆయన పురుగుమందుల కొట్టుకు వెళ్ళారు.

"ఎవరు ఆడతన్నారు మాస్టారూ దాన్లో?" అన్నాడు సుందరరావు, ఎవరికో మందు డబ్బా అందిస్తూ. "పదిమంది పిల్లకాయలు. వాళ్ళు పోయాక గేదెలు."

"ఆ పదిమందే రేపు వందమంది అవుతారు."

"నేను నిక్కర్లేసుకున్నప్పటి నుంచి ఆ మాటే అంటన్నారు. ఊళ్ళో ఒక్క హాలు లేదు. పిల్ల పెళ్ళి చెయ్యాలంటే మాచర్ల పోవాల, లేకపోతే గురజాల పోవాల. మన పెళ్ళి మనూళ్ళో చేసుకోలేకపోతన్నాం. ఇదేమన్నా బాగుందా?"

బాగుందని మాస్టారు ఎలా అంటారు? మాట మార్చి, "ఆదివారం మన దేశం ఫైనల్ ఆడతంది, తెలుసా మీకు?" అన్నారు.

"క్రికెట్టా? నాకు తెలవకుండానా?"

"ఫుట్‌బాల్. దక్షిణాసియా కప్పు. మన చుట్టుపక్కల దేశాలన్నీ ఆడతాయి."

"ప్రపంచ కప్పు కాదా?"

"కాదు."

"అంటే ప్రపంచంలో మండల స్థాయి అన్నమాట."

నాకు మండింది. మాస్టారు మాత్రం ఆ మాట మింగి, "మండలమైనా గెలవాల గదండీ" అన్నారు.

అప్పుడు సుందరరావు ఒక పందెం వేశాడు. పందెం అనలేదు, న్యాయం అన్నాడు. ఆదివారం ఆ మ్యాచ్ గ్రౌండులో తెర కట్టి చూపించాలి. మూడొందల మంది కుర్చీల్లో కూర్చుని మొదట్నుంచి ఆఖరు దాకా చూస్తే ఇక హాలు మాట ఎత్తడు. అంతమంది కదలకుండా చూడకపోతే సోమవారమే సంఘంలో తీర్మానం.

"మూడొందల మందే ఎందుకండీ?" అన్నాను నేను.

"పెళ్ళికొచ్చే లెక్కరా కాలేషా. అంతకంటే తక్కువైతే దాన్ని జనం అనరు, చుట్టాలంటారు."

ఇంటికొచ్చి జరిగింది చెబితే నా భార్య కుల్సుం మూతి విరిచింది. "టీవీ ఇంట్లో ఉండగా గ్రౌండుకెవరొస్తారయ్యా? పిలవని పేరంటానికి మనూళ్ళో కుక్క కూడా రాదు. ఇంటికొచ్చి పిలవాల, కార్డివ్వాల, అన్నం పెట్టాల. అప్పుడు చూడు జనాన్ని."

నాకు అది మంచి ఆలోచనగానే తోచింది. మాస్టారికి చెప్పాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నారు. "ఆట చూడ్డానికి అన్నం పెట్టి పిలవాలంట్రా?" అన్నారు. ఒక రాత్రంతా ఆలోచించి, తెల్లారి మా ఇంటి ముందు నిలబడి, "సరుకులు నేను తెప్పిస్తా. వంట నువ్వు చెయ్యి. కానీ అన్నం మాత్రం మ్యాచ్ అయినాకనేరా" అన్నారు. మా గురువుగారి కోసం పైసా తీసుకోకుండా చేస్తానని నేను గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాను. అంత బుద్ధిగా నా అంతట నేను గోతిలోకి దిగాను.

మా ఊరి ప్రెస్సులో పెళ్ళి కార్డు, ఓణీల ఫంక్షను కార్డు, పెద్దకర్మ కార్డు తప్ప వేరే మోడలు లేదు. మాస్టారు పెళ్ళిది ఎంచుకున్నారు. వధువు పేరుండే చోట మన జట్టు, వరుడి చోట అవతలి జట్టు. ముహూర్తం ఆదివారం సాయంత్రం ఐదున్నర. "మ్యాచ్ అనంతరం విందు" అన్న ముక్క మాస్టారే లావు అక్షరాల్లో వేయించారు. నాలుగు మూలలా పసుపు రాసింది మాత్రం ప్రెస్సువాడి అలవాటు.

ఆ కార్డులు పట్టుకుని మేమిద్దరం మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగాం. మామూలుగా ఎండలో తిరిగే వయసు కాదు ఆయనది. ప్రతి గుమ్మంలోనూ ఒకటే ప్రశ్న: ఎవరి పెళ్ళి? కాదమ్మా, మ్యాచ్ అని చెప్పేవారు. "అట్టాగే లెండి, తప్పకుండా వస్తాం" అనేవారు వాళ్ళు, ఏమీ అర్థం కాకుండానే. ఒక ముసలమ్మ కార్డు అటూ ఇటూ తిప్పి, "పిల్ల ఏం చదివింది నాయనా?" అంది. మాస్టారు ఆవిడ పక్కన అరుగు మీద కూర్చుని, గోలంటే ఏమిటో, కార్నరంటే ఏమిటో పది నిమిషాలు చెప్పారు. ఆవిడ అంతా విని, "మంచి సంబంధమేలే" అని ఆశీర్వదించింది.

ఆదివారం వచ్చింది. టెంట్ హౌస్ కోటయ్య బాబాయ్ సామాను దింపాడు. ఈయనా పాతకాలంలో మాస్టారి జట్టులో గోలు కాసిన గోలీనే. ప్రాణం పెట్టి చేశాడు, కానీ ఆయన దగ్గరున్నది పెళ్ళి సామాను. గేటు దగ్గర ప్లాస్టిక్ పూల కమాను, నాలుగొందల కుర్చీలకు తెల్ల తొడుగులు, వెనక గులాబిరంగు రిబ్బన్లు, పెద్ద ఎల్‌ఈడీ తెర, దానికెదురుగా పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే ఎర్ర మఖ్మల్ సోఫా.

"అదెందుకు బాబాయ్?" అన్నాను.

"మరి పెద్దవాళ్ళనెక్కడ కూర్చోబెట్టాలరా?" అన్నాడు కోటయ్య బాబాయ్. అలా ఆ సాయంత్రం మ్యాచ్ మొదలయ్యేసరికి ఆ సోఫా మీద కుడివైపు మా రాజారత్నం మాస్టారు, ఎడమవైపు సుందరరావు కూర్చున్నారు. ఎవరో ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టారు. ఎవరు ఎవరికి తాళి కట్టాలన్నట్టు ఉంది ఆ ఫొటో.

జనం వచ్చారు. అబద్ధమెందుకు, నేను అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చారు. ఆడవాళ్ళు పట్టుచీరల్లో వచ్చారు. ఇద్దరు ముగ్గురు రంగుకాగితం చుట్టిన గోడగడియారాలు తెచ్చి ఎవరికివ్వాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కుర్చీలు చాలక వెనక నిలబడ్డారు. కోటయ్య బాబాయ్ లెక్కపెట్టి నాలుగొందల ముప్ఫై అన్నాడు. మాస్టారు సోఫాలోంచి లేచి వెనక్కి తిరిగి ఆ జనాన్ని చూశారు. ఇన్నేళ్ళలో ఆ గ్రౌండులో ఆయన అంతమందిని చూడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

నేను గోల్‌పోస్టు వెనక నాలుగు డేక్సాలకు పొయ్యిలు పెట్టుకున్నాను. మాంసం తిననివాళ్ళకు పక్కన వేరుగా పులిహోర. మాస్టారు ముందురోజే నాకు టైము లెక్క చెప్పారు. సగం నలభై ఐదు నిమిషాలు, మధ్యలో పదిహేను, తర్వాత ఇంకో నలభై ఐదు, దెబ్బలు తగిలి ఆగిన టైము ఒక ఐదు. ఏడూ ఇరవైకల్లా అయిపోతుంది. దాన్నిబట్టి నేను ఆరున్నరకు దమ్ము పెట్టాను. మైదాపిండితో మూతల అంచులు మూసి, మూతల మీద నిప్పులు పోశాను. ఏడూ ఇరవైకి తీస్తే ఏ మెతుకుకా మెతుకు విడిగా నిలబడుతుంది. ఒక్క సంగతి మాత్రం మాస్టారు చెప్పలేదు, నేను అడగలేదు. ఆట సమంగా తేలితే ఏమవుతుందని.

మొదటి సగం మా వాళ్ళెవరూ తెరవంక చూడలేదు. చీరల సంగతులు, పత్తి సంగతులు మాట్లాడుకున్నారు. అవతలి జట్టు ఏ దేశమో కూడా సగం మందికి తెలియదు. ఎర్రచొక్కాల వాళ్ళని పేరు పెట్టుకున్నారు. ఎర్రచొక్కాలు ఒక గోలు కొట్టారు. మాస్టారు తల పట్టుకుంటే, వెనక వరసలో ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఎవరు ఎటువైపో ఇంకా తెలియలేదు ఆయనకు. "భోజనాలెప్పుడు?" అన్న మాట గ్రౌండంతా తిరుగుతోంది. సుందరరావు సోఫాలో వెనక్కి వాలి, మాస్టారిని చూసి నవ్వుతున్నాడు.

రెండో సగంలో ఎర్రచొక్కా ఒకడు మనవాడి కాలి మడమ మీద వెనకనుంచి తన్నాడు. మనవాడు పడిపోయి దొర్లాడు. తెర మీద దాన్నే నాలుగుసార్లు నిదానంగా చూపించారు.

పల్నాడు వాళ్ళకు ఆట అర్థం కాకపోవచ్చు, తగాదా అర్థమవుతుంది.

"ఒరేయ్, కావాలనే తన్నాడు గదరా!" అని ఎవడో లేచాడు. రిఫరీ పరిగెత్తుకొచ్చి పసుపు కార్డు చూపించాడు. "చీటీ చూపిచ్చి వదిలేశాడేంది?" అని ఇంకొకడు లేచాడు. "పెద్దమనిషి అమ్ముడుపోయాడు" అని తీర్పు చెప్పేశారు. అక్కడితో గ్రౌండు మొత్తానికి మ్యాచ్ ఎక్కింది. ఎవడి మడమో, ఎవడు తన్నాడో, వాడి నంబరెంతో ఆడవాళ్ళు కూడా కంఠతా పట్టారు. తన్నిన ఏడో నంబరు వాడికి బంతి అందినప్పుడల్లా ఊరు ఊరంతా పళ్ళు నూరింది. మాస్టారు సోఫా మీద మోకాళ్ళేసి వెనక్కి తిరిగి అందరికీ ఆఫ్‌సైడ్ చెబుతున్నారు. జనం చెవులు రిక్కించి వింటున్నారు. ఆయన నలభై ఏళ్ళు చిన్నవాడైపోయినట్టు ఉన్నారు.

ఆట ఇంకో ఐదు నిమిషాలుందనగా మనవాడు గోలు కొట్టాడు. ఆ తన్నులు తిన్నవాడే కొట్టాడు. ఇక చూడాలి. గోడగడియారం తెచ్చినాయన దాన్ని గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. సుందరరావు, అవును, పురుగుమందుల సుందరరావే, సోఫా మీద ఎక్కి నిలబడి తువ్వాలు తిప్పాడు. కిందికి దిగి మాస్టారి చెయ్యి పట్టుకుని, "మాస్టారూ, దీన్లో ఇంత ఉందా! ఇన్నాళ్ళూ చెప్పలేదే?" అన్నాడు. గోలు కేకకు పొయ్యి వదిలి ముందుకు పరిగెత్తుకొచ్చిన నేను ఆ మాట నా చెవులతో విన్నాను. గెలిచేశాం అనుకున్నాను. గ్రౌండు మిగిలిందనే అనుకున్నాను.

ఏడూ ఇరవై ఒకటికి విజిల్ వేశారు. ఒకటీ ఒకటీ.

"అయిపోయిందా?" అని జనం చూస్తున్నారు. మాస్టారు లేచి నిలబడి, గొంతు చిరిగేలా, "అవలా! ఇంకా అరగంట ఉంది! అదనపు టైము! ఎవ్వరూ కదలమాకండి!" అని అరిచారు. ఎవరూ కదల్లేదు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. నాలుగొందల ముప్ఫై మందిలో ఒక్కరు కూడా కదల్లేదు.

అరగంట అనేసరికి నేను డేక్సాలవంక తిరిగాను. దమ్ము మీదున్న బిర్యానీ అరగంట ఆగుతుందా? పొయ్యి లాగేసి, పైనున్న నిప్పులు దులిపేసి, మూత తీయకుండా ఉంచితే ఆగుతుందిలే అని మీరనొచ్చు. ఆగుతుంది. కానీ లోపలి ఆవిరికి మెతుకు మెత్తబడుతుంది. అడుగు పట్టుకుంటుంది. నాలుగొందల మంది నా చేతి ముద్ద తిని, కాలేషా చెయ్యి తప్పాడని అచ్చంపేట దాకా చెప్పుకుంటారు.

"ఆగవయ్యా. మెత్తబడితే మెత్తబడిద్ది. మ్యాచ్ అవనియ్యి" అంది కుల్సుం.

"నీకేం తెలుసే వంట?" అన్నాను.

"వంట తెలవదు. మాస్టారు తెలుసు" అంది.

వినలేదు. ఆ పూట నా మీద షైతానెక్కింది, మరోటి కాదు. ఒక్క డేక్సా అంచు లేపి మెతుకు చూద్దాం, చూసి మళ్ళీ మూసేద్దాం అనుకున్నాను. మూత మీది నిప్పులు దులిపి, పిండి కట్టు చాకుతో కోసి మూత ఒక పక్క జానెడు ఎత్తాను. ఆవిరి లేచింది. సన్నగా పడమటి గాలి తోలుతోంది. గోల్‌పోస్టు పడమర, కుర్చీలు తూర్పున.

మొదట వెనక వరసలో ఒక తల తిరిగింది. తర్వాత పక్క తల. ఒకావిడ ముక్కు ఎగబీల్చి పిల్లాణ్ణి చంకనేసుకుంది. "మొదలుపెట్టారంట" అని ఎవరో అన్నారు. అంతే. మా ఊళ్ళో ఆ మాటకున్న బలం ఇంకే మాటకూ లేదు. మొదటి విడతలో దొరక్కపోతే ముక్కలు అయిపోతాయని పుట్టుకతోనే తెలిసిన జనం. కుర్చీలు చప్పుడు కాకుండా ఖాళీ అయ్యాయి. మర్యాదస్తులు మరి, ఆట చూసేవాళ్ళకు అడ్డం రాకుండా వంగి వంగి వచ్చారు. నేను మూత మూయబోతే ముందే పదిమంది ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. ప్లేటు పట్టుకున్నవాడి ముందు మూత మూసిన వంటవాడు ఎక్కడైనా ఉంటాడా? వడ్డించాను. వాళ్ళ వెనక వందమంది, ఆ వెనక సుందరరావు.

ప్రెసిడెంటుగారి ప్లేటులో నేనే స్వయంగా నాలుగు ముక్కలు వేశాను. ఆయన పక్కకు పోయి గోల్‌పోస్టుకు ఆనుకుని తిన్నాడు. తింటూ గ్రౌండంతా నాలుగువైపులా చూశాడు. నేను ఆ చూపును పోల్చుకోలేకపోయాను. రెండోసారి వడ్డనకు వచ్చి నా భుజం తట్టాడు.

"ఒరేయ్ కాలేషా, ఏం వొండావురా! చానా బాగుంది. నేనిప్పటిదాకా అనుమానపడతానే ఉన్నా. ఇయ్యాల తేలిపోయింది. బళ్ళు అటు పెట్టుకున్నారు, వంట ఇటు. వాసనే జనం మీదికి పోయింది, పొగ పోలా. నాలుగొందల మంది తోపులాట లేకుండా తిన్నారు. ఈ స్థలం హాలు కోసమే పుట్టిందిరా. రేపే తీర్మానం."

"మరి మ్యాచ్ అండీ? బాగుందన్నారు గదండీ ఇందాక?"

"బాగుందిరా, కాదన్లా. ఆఖరు దాకా ఎవరు చూశారు? నేనే చూడలా." ఆయన చెయ్యి కడుక్కుంటూ, "హాల్లో మొదటి పెళ్ళి మా అమ్మాయిదే. వంట నీదే" అన్నాడు. నిజంగా సంతోషపెడుతున్నాననే అనుకున్నాడు ఆ మనిషి. అందులో మోసమేమీ లేదు. అదే నాకు ఎక్కువ మండింది.

అటు తెర ముందు అదనపు అరగంట నడుస్తోంది. కుర్చీల మధ్యలోంచి చూస్తే సోఫా వెనకభాగం, దాని మీంచి మాస్టారి నెరిసిన తల, అంతే కనిపిస్తున్నాయి. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆయన చుట్టూ నేల మీద ఆయన దగ్గర ఆడే పిల్లలు ఆరుగురు, తెర కాపలా ఉన్న కోటయ్య బాబాయ్, కుర్చీలో నిద్రపోతున్న ఒక తాత. తాతను లెక్కలో వెయ్యాలో వద్దో నాకు తెలియదు. వేస్తే మాస్టారితో కలిపి తొమ్మిదిమంది.

అరగంటలోనూ తేలలేదు. పెనాల్టీలకు వెళ్ళింది. చెరొక ఐదు. నేను గరిటె తిప్పుతూనే చూశాను. మనవాళ్ళు ఐదూ వేశారు. ఎర్రచొక్కాల ఐదోవాడు వచ్చాడు. ఆ మడమ తన్నిన ఏడో నంబరే. కొట్టాడు. మన గోలీ కుడివైపుకు దూకి ఆపేశాడు.

మాస్టారు కేక వేశారు. అరవై నాలుగేళ్ళ మనిషి గొంతులోంచి అలాంటి కేక వస్తుందని నేననుకోలేదు. పిల్లలు ఎగిరారు. ఇటు భోజనాల దగ్గర కూడా జనం "ఏయ్!" అని అన్నం చేతులే పైకెత్తారు. ఎవరు గెలిచారని అడిగి, మనమేనని తెలుసుకుని, "మరి ఆ మడమోడి సంగతేంది?" అని అడిగి, వాడే తప్పాడని విని తృప్తిపడ్డారు. ఆ తర్వాత పెరుగుచట్నీ అడిగారు. నిజానికి మా ఊరు అంత ఆనందంగా ఏ పెళ్ళి భోజనమూ చెయ్యలేదు.

జనం పోయాక నేను మాస్టారి దగ్గరికి వెళ్ళాను. తెర మీద మనవాళ్ళు కప్పు పట్టుకుని తిరుగుతున్నారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"చూశావురా కాలేషా? గెలిచాం. రెండూ గెలిచాం" అన్నారు. "ఎంతమందొచ్చారు?"

"నాలుగొందల ముప్ఫై సార్."

"సుందరరావు గారేరి? చెయ్యి కలుపుదామంటే లేచి ఎటో పోయాడు." అంటూ వెనక్కి తిరిగారు.

తెల్ల తొడుగుల కుర్చీలన్నీ వరసగా ఖాళీగా ఉన్నాయి. ఆయన చాలాసేపు చూశారు. చూస్తున్నంతసేపూ నేను నా కాళ్ళవంక చూసుకున్నాను.

"ఎప్పుడు లేచార్రా?"

"ఒకటీ ఒకటీ అయినప్పుడు సార్. నేను మూత తీశాను."

"వెనకాల చప్పుడు లేకపోతే ఊపిరి బిగబట్టి చూత్తన్నారనుకున్నా" అన్నారాయన.

దాచాలనుకుంటే ఆ పూటకు దాచగలను. కానీ సోమవారం తీర్మానం గురించి ఆయన ఇంకొకరి నోట వినడం నాకు ఇష్టం లేదు. సుందరరావు అన్నది అన్నట్టు చెప్పాను. బళ్ళ సంగతి, పొగ సంగతి, మొదటి పెళ్ళి వంట నాదేనన్న సంగతి, అన్నీ చెప్పాను. బడిలో చదివే రోజుల్లో అయితే విజిల్ తాడుతో వీపు మీద నాలుగు అంటించేవారు. ఇప్పుడూ అంటిస్తే బాగుండునని నిజంగా అనిపించింది. ఆయన సోఫాలో కూర్చుని విజిల్ మెళ్ళోంచి తీసి జేబులో పెట్టుకున్నారు.

"ఏమన్నా మిగిలిందా?" అన్నారు.

"ఏంది సార్?"

"అన్నంరా. పొద్దున్నుంచి తినలా నేను. మ్యాచ్ ఏమైద్దోనని."

నాకు ఏడుపొచ్చింది. పరిగెత్తాను. మూడు డేక్సాలు నాకేసినట్టు ఖాళీ అయ్యాయి. నాలుగో దాని అడుగున కొంచెం ఉంటే, కుల్సుం అప్పటికే ఆయన కోసం తీసి పక్కన పెట్టింది. ప్లేటు తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన నెమ్మదిగా కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. రెండోది పెట్టుకున్నారు. మూడో ముద్ద చేతిలోనే ఆగింది. తల ఎత్తి నావంక చూశారు. కళ్ళజోడు వెనక కళ్ళు నిండుగా ఉన్నాయి.

"ఇంత బాగా ఎందుకు వొండావురా?" అన్నారు.

ముప్ఫై ఏళ్ళుగా వండుతున్నాను. నా వంటను అంతగా తిట్టినవాళ్ళు ఇంకెవరూ లేరు.